రెండు కొసల వైరు

తెల్లారితే మహేష్‌కూ నాకూ తాంబూలాలు. పెద్దపంజాణి దగ్గర మా ఊరు. పొద్దుగూకే యాళకు గాలివాన కొట్టి మా ఇంటి ముందర స్తంభం కాడ కరెంటు తీగ తెగింది. మా ఊరి లైన్‌మ్యాన్ మహేషే.

"పెండ్లికూతురు సీకట్లో కూసుంటే నేనేం లైన్‌మ్యాన్ శ్వేతా? మా హెల్పర్ అంజినప్పతో వస్తాండా" అని ఫోన్‌లో నవ్వినాడు. ఆ నవ్వు చెవిలోనే దాచుకొని, చేతులకు గోరింటాకు పెట్టించుకుంటా కూర్చున్నాను.

ఈలోగా మా అన్న చరణ్ పుంగనూరు నుంచి బాడుగ జనరేటర్ తెచ్చినాడు. వైరుకు రెండు కొసలా ప్లగ్గులు బిగించి, ఒకటి జనరేటర్‌కూ ఇంకొకటి గోడ సాకెట్‌కూ గుచ్చినాడు.

"మెయిన్ స్విచ్ దించల్లేమో రా?" అనింది పెద్దమ్మ.

"బయట కరెంటు యాడుండాది దించేదానికి? నువ్వు లడ్లు సుట్టు పెద్దమ్మా!"

జనరేటర్ గుర్రుమనింది. ఇల్లంతా వెలుగు. పెట్రోలు వాసన, తడిమట్టి వాసన. వాటి వెనకే... వెంట్రుకలు కాలిన వాసన.

పెరటి గడపకాడ మహేష్ నిలబడి ఉన్నాడు. అంత వానలోనూ చొక్కా తడవలేదు.

"మెయిన్ దించు" అన్నాడు గుసగుసగా.

"ఎప్పుడొచ్చినావు? లోపలికి రా..."

"మీ జనరేటర్ కరెంటు తీగలోకి ఎక్కతాండాది. అంజినప్ప నాకోసం స్తంభం ఎక్కతాండాడు. దించు శ్వేతా..."

అతని అరచేయి చూసినాను. నల్లగా... బొగ్గులాగ.

పరిగెత్తినాను. పచ్చి గోరింటాకు చేత్తోనే మెయిన్ దించేసినాను. జనరేటర్ ఆపమని అరిచినాను. అంతా చీకటి. వెనక్కి తిరిగితే గడప ఖాళీ.

వీధిలోకి ఉరికినాను. అంజినప్ప టార్చి వెలుగులో... స్తంభం మీద బెల్టుకు వేలాడతా... నా మహేష్.

"ఎప్పుడప్పా?" అన్నాను.

"ట్రాన్స్‌ఫార్మర్ కాడ లైను ఆపే ఎక్కినాడమ్మా. మీ జనరేటర్ సప్పుడు లేసిందే... అప్పుడే. ఒక్క మాట కూడా అనలేదు బిడ్డ."

మా ఇంటి మెయిన్ మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పెరట్లో బల్బు కూడా చరణ్ ఏడుస్తా ఊడదీసినాడు. అయినా పొద్దుగూకితే ఆ ఖాళీ హోల్డర్ కింద వెలుగు పడతాది. అందులో ఒక నీడ. రోజూ వంటింట్లో కూర్చొని దాన్నే చూసుకుంటా ఉంటాను. భయం లేదు.

ఈరోజు ఆ వెలుగులో రెండు నీడలు ఉండాయి. చేయీ చేయీ పట్టుకొని. రెండోదానికి నా జడ, నా గాజులు...

నేనింకా వంటింట్లోనే ఉండాను. దీపం నా ఎదురుగానే ఉండాది.

నా వెనక గోడ మీద నీడ లేదు.