నాన్న పేరు చెప్పి తెప్పించిన వంజరం

"జుమా మామా, వంజరం ఉందా?" జువైనా గొంతు తగ్గించి అడిగింది.

నాన్న సుహైల్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. మస్కట్ నుంచి వచ్చిన పిన్ని కూతురు అజ్జా హోటల్లో తెర కట్టిన గదిలో చాప మీద కూర్చుని ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న సూర్‌కు వచ్చిన చుట్టానికి కవ్వల్లాంటి చవక చేపలు పెడితే పరువేం కావాలి? అదీ జువైనా బెంగ.

హోటల్ నడిపే జుమా తల గోక్కున్నాడు. "ఎవరో చాటుగా తెచ్చిచ్చింది ఒకటుంది. కానీ ఇది వంజరం గుడ్లు పెట్టే కాలం కదమ్మా. ఈ రెండు నెలలూ పట్టొద్దని పడవల వాళ్ళందరికీ చెప్పి తిరుగుతున్నది మీ నాన్నే."

"నాన్నే అడగమన్నాడు," అనేసింది జువైనా.

కాసేపటికి పెద్ద పళ్ళెంలో అన్నం, దాని మీద వేయించిన వంజరం ముక్కలు వచ్చాయి. నాన్న చెయ్యి అన్నం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇదెవరు తెమ్మన్నారు?"

"నువ్వేగా," అన్నాడు జుమా. "పక్క గదిలో పడవల హమద్ వాళ్ళు అప్పుడే వాసన పసిగట్టారు."

గోడ అవతల నుంచి నవ్వు వినిపించింది. "నీతులు మాకేనా సుహైల్? సరేలే, రేపు మేమూ వల వేస్తాం."

నాన్న జువైనా వైపు చూశాడు. ఆయనకు అర్థమైపోయింది. అయినా అతిథి ముందు కూతుర్ని చిన్నబుచ్చడం ఆయనకు చేతకాదు. ఒక ముక్క తీసి అజ్జా ముందు పెట్టి, "తిను తల్లీ," అన్నాడు. తను మాత్రం ఉత్త అన్నం తినసాగాడు.

జువైనా చేతిలోని ముద్దను పళ్ళెంలో పెట్టేసింది. సిగ్గుతో ముఖం మండిపోయింది. తిట్టినా బాగుండేది. చెయ్యని తప్పును నాన్న నోరెత్తకుండా మోస్తున్నాడు.

ఆమె లేచి పక్క గది తెర తీసింది. లోపల నలుగురూ తలెత్తి చూశారు.

"నాన్న అడగలేదు. నేనే ఆయన పేరు చెప్పి తెప్పించాను. ఆయన ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు. మీరు వల వెయ్యకండి."

హమద్ నవ్వు ఆపాడు. "మరి ఆ మాట మీ నాన్న చెప్పడేం?"

జువైనా తల దించుకుంది. "అజ్జా ముందు నన్ను అబద్ధాలకోరని అనలేక."

గోడ అవతల అజ్జా అంతా వింటోందని జువైనాకు తెలుసు. అయినా గొంతు తగ్గించలేదు.