ఆరు గంటల పేర్లు

మా క్రైస్తవ పాటల రేడియోకి పాతికేళ్లు నిండాయని, దాని చరిత్ర రాసే పని నాకు అప్పగించారు. కూర్మన్నపాలెంలో ప్రార్థన మందిరం మేడ మీద ఒక గది, అదే స్టేషను. ఇప్పుడు ఎక్కడివాళ్లయినా ఫోన్లలో వింటున్నారు. మొదట్లో కేబుల్ తీగ మీద చుట్టుపక్కల వీధులకే వచ్చేది.

పక్కనే ఉన్న విశాఖ స్టీల్ ప్లాంటులో బి షిఫ్టు మధ్యాహ్నం రెండింటినుంచి రాత్రి పదింటిదాకా. తల్లిదండ్రులు డ్యూటీలో ఉంటే పిల్లలు ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. అందుకని అనౌన్సర్ రోజారమణిగారు రోజూ సాయంత్రం ఆరింటికి ఆ పిల్లల పేర్లు ఒక్కొక్కటే చదివి, "గడియ పెట్టుకోండమ్మా, అమ్మ వచ్చేదాకా తియ్యకండి" అని చెప్పి పాట వేసేవారట. ఆవిడ పోయి పదేళ్లయింది.

నా పిల్లలకీ అదే చెబుతాను. అనూరాధకి, అంటే మా అనూకి, పదకొండు, జోయెల్‌కి ఆరు. వాళ్ల నాన్న ఉద్యోగం భిలాయి స్టీల్ ప్లాంటులో, పిల్లలు ఆయన దగ్గరే. నా ఉద్యోగం ఇక్కడ. ఆయనకి బి షిఫ్టు పడిన వారమంతా సరిగ్గా ఆరింటికి సెక్టార్ ఆరులోని ఇంటి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేస్తాను. "గడియ పెట్టారా? పైదీ, కిందదీ?" అని రెండుసార్లు అడుగుతాను. గడియ పడిన చప్పుడు వినిపించాకే ఫోన్ పెడతాను.

ఆ రోజు తుపాను వాన. ఐదున్నరకే చీకటి పడిపోయింది. గది నిండా నాని ఉబ్బిన గోడల వాసన, పాత టేపుల పుల్లటి వాసన. అట్టపెట్టె అడుగున పేరు రాయని క్యాసెట్ ఒకటి దొరికింది.

మొదటినుంచీ ఇక్కడ మిషన్లు చూసే జగ్గయ్య గుమ్మంలో ఆగాడు.

"ఏటమ్మా, ఆరైపోతంది, పిల్లలకి ఫోన్ సెయ్యలేదేటి? ఈ వారమంతా మీ ఫోన్ సూసే నా వాచీ సరిసేసుకుంతన్నాను!"

"ఇదొక్కటి వినేసి చేస్తాను."

క్యాసెట్ చూడగానే అతని నవ్వు పోయింది. "అది ఎయ్యకండమ్మా. ఇరవై ఏళ్ల కిందటి మాట. ఆ రోజు ఆవిడ ఒక కుర్రోడి పేరు సదవడం మర్సిపోనారు. ఆడు తలుపు తీసీసాడు. ఎవులు పిలిసారో... మళ్లీ అగుపడనేదు."

అతను కిందికి వెళ్లిపోయాడు. వినకుండా రాస్తే అబద్ధం రాసినట్టే అనిపించింది. బటన్ నొక్కాను.

గరగర. తర్వాత నెమ్మదైన గొంతు. సూర్యకళ... శ్రీరామ్మూర్తి... గణేష్... ఒక్కో పేరూ రాసుకుంటూ పోయాను.

"అనూరాధ..."

మళ్లీ గరగర.

"భిలాయి, సెక్టార్ ఆరు."

నా పెన్ను ఆగిపోయింది. ఇరవై ఏళ్ల కిందటి టేపు అది. తర్వాతి పేరు కోసం టేపు దగ్గరికి వంగాను. జోయెల్... జోయెల్ అనండి...

పాట మొదలైంది.

గోడ గడియారంలో ఆరూ పది.

ఇంటికి ఫోన్ చేశాను. మోగింది... మోగుతూనే ఉంది... అనూ ఎత్తింది.

"గడియ పెట్టారా?" మాట గుసగుసలా వచ్చింది.

"ఎవరండీ?"

"అమ్మనే!"

అనూ గొంతు తగ్గించింది.

"అమ్మ ఇక్కడే ఉంది... ఇప్పుడే వచ్చింది. తమ్ముడు తలుపు తీశాడు."

నేను నోరు తెరిచేలోగా, దాని వెనకనుంచి మెత్తగా ఒక గొంతు. నా గొంతే.

"గడియ పెట్టావా, అనూ? పైదీ, కిందదీ?"

రెండుసార్లు అడిగింది.

గడియ పడిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.