మోరిస్ కారులో దగ్గు

మల్లాపూర్ గడీ వెనక షెడ్డు పక్కనుంచి పొద్దుగూకితే కుక్క కూడా పోదు. అందులో దొరల పాత మోరిస్ మైనర్ కారుంది. దాని డ్రైవర్ లక్ష్మీరాజం ఆ సీట్లోనే దగ్గి దగ్గి చచ్చాడట. ఇప్పటికీ రాత్రిళ్లు దగ్గుతాడట… నేను నవ్వేవాణ్ణి. గడీ ఊడ్చే వసంత తనకు జరిగింది చెప్పాక నవ్వడం మానేశాను.

ఆమె భర్త దివాకర్ వీసా అయిపోయి దుబాయ్‌లో చిక్కుకున్నాడు. జరిమానా కట్టి, టికెట్ కొంటేనే వస్తాడు. మూడు నెలలుగా ఫోన్ లేదు. ఇరవై ఏళ్లు గడీ ఊడ్చినందుకు మాధవ రావు దొర ఆమెకిచ్చింది ఆ కారొక్కటే.

పాత కార్లు కొనే హైదరాబాద్ ఆయన ఫోన్లో చెప్పాడు. "యాభై ఒకటి మోడలమ్మా, ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చిన బండి. అన్నీ అసలు సామాన్లే ఉంటే నాలుగు లక్షలు. లేకుంటే తుక్కు ధర. రాత్రికే ఇంజిన్ ఫోటో పంపు. లేదంటే పొద్దున్నే గంభీరావుపేటలో ఇంకోటి చూసుకుంటా."

తోడు ఎవరూ రాలేదు. అత్త శంకరవ్వ గడప దాటలేదు. వసంత ఒక్కతే పోయింది — పళ్లెంలో అన్నం, గుడ్డు, బీడీ కట్టతో. దూరం పోయినవాళ్లను లక్ష్మీరాజం తోలుకొస్తాడని గల్ఫ్ ఇళ్ల ఆడవాళ్లు ఆదివారాలు పొద్దుండగానే అలా పెట్టిపోతారు. ఈ నెలంతా తెల్లారేసరికి పళ్లెం ఖాళీ…

పళ్లెం కింద పెట్టి, బానెట్ మీద చెయ్యి వేసింది —

లోపల దగ్గు.

లక్ష్మీరాజమే అనుకుని ఆమె చేతులు జోడించింది.

"తాతా… ఫోటో తీసుకొని పోత. నా మొగన్ని తెచ్చుకోవాలె…"

"బానెట్ ఎత్తకే, వసంతా…"

ఆ గొంతు!

"నువ్వా…? సచ్చినవా?"

"సచ్చినా బాగుండు. జరిమానా మాఫీ చేసి పంపిన్రు. నెలాయె."

వసంత వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే బానెట్ ఎత్తింది. ఉత్త ఇంజిన్ దిమ్మ తప్ప ఏమీ లేదు.

"సామాన్లేవి?"

"కోరుట్లల తుక్కుకేసిన… కిలోల లెక్క."

"గింత దగ్గర్ల ఉండి ఇంటికెందుకు రాలే?"

దివాకర్ వెనక సీటు మీదికి టార్చి తిప్పాడు. ప్లాస్టిక్ కవర్లో కొత్త కంబళి, రెండు సెంటు సీసాలు. ఆ తుక్కు డబ్బుతో కోరుట్ల బజార్లో కొన్నవే.

"దుబాయ్ నుంచి ఒట్టి చేతులతోని ఎట్ల రావాలె?"

వసంత ఆ కంబళిని బయటికి లాగింది. తర్వాత కవరు మీది దుమ్ము కొంగుతో తుడిచి, నెత్తిన పెట్టుకుంది.

"నడువు. గిప్పుడే బస్సు దిగినవని చెప్త."