మైకు చూపించని ఇల్లు

రండి, ఇలా దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి రండి. నా గొంతు మునుపటిలా లేదు, పైగా ఇది అరిచి చెప్పే కథ కాదు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఫోన్లు లోపల పెట్టండి. దేవుణ్ణి ఒక్కసారి తలుచుకోండి. తలుచుకున్నారా? ఆ... ఇక వినండి.

ఒక రేవు పట్నం. అక్కడికి పెద్ద పెద్ద షికారు ఓడలు వస్తాయి. పొద్దున ఆగుతాయి, సాయంత్రం వెళ్ళిపోతాయి. ఈ మధ్యలో ఓడ జనం కిందికి దిగి, బస్సులెక్కి, ఒడ్డున ఉన్న ఊళ్ళూ శిథిలాలూ చూసి, ఏం చూశారో బస్సు దిగేలోపే మర్చిపోయి మళ్ళీ ఓడెక్కుతారు. వాళ్ళని తిప్పి చూపించే గైడు ఒకడుండేవాడు. రేవులో అందరూ వాణ్ణి మైకు అనేవారు.

ఆ పేరెందుకొచ్చిందంటే, గైడు మెడలో చిన్న మైకు ఉంటుంది. వెంట వచ్చినవాళ్ళ చెవుల్లో తలా ఒక ఇయర్‌ఫోను. గైడు గొణిగినా సరే, ప్రతివాడికీ తన చెవిలోనే చెప్పినట్టు వినిపిస్తుంది. గైడు చెవిలో మాత్రం ఏమీ ఉండదు. తన మాట తనకెందుకు? ఇది కాస్త గుర్తుంచుకోండి.

మైకుకి ఆ జనమంటే చులకన. ఎదురుగా ఒళ్ళంతా నవ్వు చేసుకుని మాట్లాడేవాడు, పక్కకి తిరిగి మూతి తిప్పేవాడు. నిజం చెప్పొద్దూ, ఆ జనమూ అలాగే ఉండేవారు. వెయ్యేళ్ళ కిందట కూలిన గోడని చూసి, “ఇన్నాళ్ళయింది కదా, ఇంకా బాగు చెయ్యలేదేం?” అని అడిగినవాడున్నాడు. కాబట్టి వాళ్ళని చూసి నవ్వుకున్నాడంటే నేనేమీ అనను. కానీ బతికున్నవాళ్ళతో మొదలైన చులకన అక్కడ ఆగుతుందా? ఆగదు నాయనా. నోరు తీపి మరిగిందంటే చచ్చినవాళ్ళ దాకా పోతుంది.

వాడు చూపించే చోటు సముద్రం ఒడ్డున ఒక పాత ఊరు. ఏనాడో సముద్రం లోపలికొచ్చి ముంచేస్తే, ఈ కాలంలో ఇసక తవ్వి బయటికి తీశారు. మోకాలెత్తు గోడలు. బండి చక్రాల గాడి పడిన రాతి వీధి. వీధి చివర ఒక ఇల్లు. దానికి గడప ఉంది, పొయ్యి ఉంది, లోపలి గదిలో గోడకి ఆనించి కట్టిన రాతి తిన్నె ఉంది. తవ్వినప్పుడు ఆ తిన్నె మీద ఒక ఆడమనిషి ఎముకలు, ఆమె చేతుల కింద చంటిదాని ఎముకలు దొరికాయి. బయట బోర్డు మీద అదే రాశారు: ఊరంతా గుట్టెక్కి బతికింది, జబ్బు బిడ్డని కదిలించలేక ఈ తల్లి ఉండిపోయి ఉంటుంది, అని.

చదివితే గుండె తడవాలా వద్దా? మైకుకి అది చప్పగా ఉండేది. “చావు కథ చెబితే ముఖాలు వేలాడేస్తారు బామ్మర్దీ. సరసం చెబితే చప్పట్లు కొడతారు” అనేవాడు. అందుకని ఆ ఇల్లాలికి ఒక ప్రియుణ్ణి కల్పించాడు. ఊరు పారిపోతుంటే వాడి కోసం కాచుక్కూర్చుందని చెప్పేవాడు. ఒక్కో ఓడకి ఒక్కో ప్రియుడు. జనం పగలబడి నవ్వేవారు. ఆ తిన్నె మీద పడుకుని ఫోటోలు తీసుకునేవారు. “ముట్టుకోండి, పర్వాలేదు, ఎవరూ ఏమీ అనరు” అనేవాడు.

బామ్మర్ది అన్నాను కదూ, బస్సు డ్రైవరు వాడే. మైకు భార్యకి సొంత తమ్ముడు.

ఆ రోజు పొద్దున మైకు కూతురికి జ్వరం. అయిదేళ్ళ పిల్ల, పెనంలా కాలిపోతోంది. భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కుట్టుమిషన్ మీద చెయ్యి వేసి అడిగింది, “ఈ ఒక్కరోజూ ఉండిపోకూడదూ?”

“ఓడ నీ కూతురి కోసం ఆగుతుందా?” అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

“నా కూతురా? మరి మీకేమవుతుంది?”

మైకు నవ్వేసి వెళ్ళిపోయాడు.

బస్సులో డ్రైవరు అద్దంలోంచి చూసి, “బావా, ఇవాళ మంద బాగా మేసి దిగినట్టుంది” అన్నాడు.

“మెల్లగా ఏడవరా, వింటారు.”

“వింటే మాత్రం మన భాష తెలిసి చస్తుందా? పాపకెలా ఉంది?”

“పిల్లలన్నాక జ్వరాలు రావా? మీ అక్క గోల చేస్తుంది గానీ...”

డ్రైవరు అద్దంలోంచి చూపు తిప్పి గేరు మార్చాడు.

మధ్యాహ్నానికి పాత ఊరు చేరారు. అప్పటిదాకా కాసిన ఎండ మీద ఎవరో తడిగుడ్డ కప్పినట్టు, సముద్రం మీంచి పొగమంచు వచ్చి కూర్చుంది. అలల చప్పుడు దగ్గరైంది, అలలు మాత్రం కనిపించలేదు. కుళ్ళిన నాచు వాసన. దాని వెనకే ఇంకొక వాసన... నీళ్ళు పోసి ఆర్పిన పొయ్యి వాసన. ఇన్నేళ్ళలో అక్కడ పొయ్యి వెలిగించినవాడు లేడు.

మైకు పట్టించుకోలేదు. వీధి చివరి ఇంటికి తీసుకెళ్ళాడు. తను గడప మీదే కాలు పెట్టి నిలబడి, ప్రియుడి కథ మొదలుపెట్టాడు. ఆ రోజు హుషారు ఎక్కువైంది. చంటిబిడ్డని కూడా కథలోకి లాగాడు. “ఇక ఆ బిడ్డ ముక్కు ఎవరి పోలికో ఊళ్ళో అందరికీ అనుమానమేనట!” అన్నాడు.

అందరూ నవ్వారు. మైకు నవ్వు ఆగేదాకా ఆగి, గొంతు సవరించుకుని, మంచినీళ్ళ సీసా మూత తీశాడు.

వాళ్ళు మళ్ళీ నవ్వారు.

మైకు ఏమీ అనలేదు. నీళ్ళు తాగుతున్నాడు.

ఇంకోసారి నవ్వారు. ఒకాయన తొడ చరుచుకున్నాడు. అందరి తలలూ ఒక్కసారిగా కుడివైపు తిరిగాయి, “ఇటు చూడండి” అని గైడు చెబితే తిరిగినట్టు. అక్కడేముంది? ఉత్త గోడ, మంచు.

మైకు తన మెడలో ఉన్న మైకు చూసుకున్నాడు. బొత్తాం ఆపేశాడు. ఎర్రదీపం ఆరిపోయింది.

తలలు ఈసారి ఎడమవైపు తిరిగాయి.

ముందు వరసలో ఆకుపచ్చ గొడుగు పట్టుకున్న ఒకావిడ ఉంది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. మైకు ఆమె దగ్గరికెళ్ళి గుసగుసగా అడిగాడు, “ఏం వినిపిస్తోందండీ?”

“భలేవారే! మీరు చెబుతున్నదే కదా. ఆ కుట్టుమిషన్ ఇల్లాలు...” అని మళ్ళీ నవ్వింది. “మొగుడు పొద్దున పోతే సాయంత్రం గానీ రాడా? ఎవరి కోసం కాచుక్కూర్చుందో, పాపం!”

మైకు చేతిలో సీసా జారి రాళ్ళ మీద పడింది.

“ఇటివ్వండి.”

“అయ్యో, నేను వినొద్దా?”

“ఇటివ్వండమ్మా!” అని ఆమె చెవిలోంచి లాక్కుని తన చెవిలో పెట్టుకున్నాడు.

తన గొంతే... అదే ఒళ్ళంతా నవ్విన గొంతు. అవే సాగదీతలు. నవ్వు కోసం అక్కడక్కడా అదే ఆగడం...

“...గడప చూసుకోండి, లోపలికి రండి. ఇది వంటగది. ఎంత ఇరుకో చూశారా? ఇందులోనే మురిసిపోయి బతికారు పాపం. ఇదిగో, దండెం మీద ఆయనగారి చొక్కా. ఇక లోపలి గది. అసలు చూడాల్సింది ఇక్కడే ఉంది...”

ఆ గొంతు వెనకాల చప్పుళ్ళు. కుట్టుమిషన్ టకటక. అది ఆగింది. భార్య గొంతు, దూరంగా...

“ఎవరూ?”

మైకు ఫోను తీసి ఇంటికి చేశాడు. మోగుతోంది. చేతిలో మోగుతోంది, చెవిలోనూ మోగుతోంది. చెవిలో ఆ మోత తన ఇంటి గూట్లోంచి వస్తోంది. ఎవరూ ఎత్తలేదు.

“...పడుకున్న పాపని చూశారా? దగ్గరికి రండి. ముట్టుకోండి, పర్వాలేదు, ఎవరూ ఏమీ అనరు...”

జనం కదిలారు. ఒకరి వెనక ఒకరు గడప దాటి లోపలి గదిలోకి పోయారు. తిన్నె చుట్టూ మూగారు. వంగారు. చేతులు చాచారు. తిన్నె మీద ఏమీ లేదు... ఉత్త రాయి, మంచు. కానీ వాళ్ళ వేళ్ళు మెత్తటిదేదో నొక్కుతున్నట్టు వంగుతున్నాయి. బుగ్గ పుణికినట్టు. జుట్టు నిమిరినట్టు. ఒకాయన ఫోటో తీశాడు. తెల్లటి వెలుగు. ఇంకొకటి. ఇంకొకటి.

చెవిలో పాప ఏడుపు.

“ఆపండి! ముట్టుకోకండి! అది నా కూతురు!” అని అరిచాడు మైకు.

పగలబడి నవ్వారు. అది కూడా కథలో భాగమే అనుకున్నారు మహానుభావులు. వాళ్ళని అలా తయారుచేసింది ఎవరు మరి?

మైకు పరుగెత్తి గడప దాకా వచ్చాడు. దాటబోయాడు. కాలు లేవలేదు. ఎన్నో ఓడల జనాన్ని దాటించిన గడప అది, ఒక్కసారైనా ఒక్క మాట అడిగినవాడు కాదు. చెప్పులు విడిచాడు. రెండు చేతులూ జోడించాడు. ముప్పై మందిని నవ్వించిన ఆ గొంతుతోనే అడిగాడు.

“అమ్మా... లోపలికి రావచ్చా?”

వంగి గడపని కళ్ళకద్దుకున్నాడు.

“తప్పయిపోయింది తల్లీ. నువ్వు ఎవరి కోసమూ కాచుక్కూర్చోలేదు. బిడ్డ కోసం ఉండిపోయావు. నాకు తెలుసు... మొదటి నుంచీ తెలుసు. రావచ్చా?”

జవాబు రాలేదు. ఇంటివాళ్ళు ఎక్కడికో వెళ్ళినప్పుడు ఉంటుందే, అలాంటి నిశ్శబ్దం.

చెవిలో గొంతు ఠక్కున ఆగిపోయింది.

జనం చేతులు వెనక్కి తీసుకున్నారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. గొడుగు ఆవిడ, “అయిపోయిందా? ఇప్పుడు దుకాణాలకేనా?” అంది.

మైకు బస్సెక్కి డ్రైవరు చెవిలో, “తిన్నగా ఇంటికి పోనీ” అన్నాడు. డ్రైవరు అతని ముఖం చూసి వెంటనే బండి తీశాడు. వెనకాల జనం ఊరుకుంటారా? “మాకు దుకాణాలు చూపించాలి కదా” అని ఒకడు, “టీ ఇస్తామన్నారు” అని ఒకడు. ఒక ఇంట్లో బిడ్డ ఉందో లేదో తెలియని తండ్రి ముందు కూర్చున్నాడు, వెనకాల టీ గురించి గొడవ! డ్రైవరు ఆగలేదు. దారిలోనే ఉన్న రేవులో వాళ్ళని ఓడ దగ్గర దించీ దించకముందే బస్సు ఇంటివైపు తిప్పాడు.

పొద్దు గూకుతోంది. తలుపు తీసే ఉంది. భార్య మిషన్ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

“పాప?”

లోపలికి చూపించింది. “నిద్రపోయింది. జ్వరం దిగింది.”

“ఏమైందక్కా?” అన్నాడు తమ్ముడు.

“మనుషులు...” అంది ఆవిడ, గుసగుసగా. “ఇంటినిండా మనుషులు. కనపడరు. నవ్వుతున్నారు. నా పక్కనుంచే నడుస్తున్నారు. పాప బుగ్గల మీద... ఎవరో నొక్కుతున్నట్టు గుంటలు పడుతున్నాయి. నేను అడ్డం పడుకున్నా నా మీంచే వంగుతున్నారు. అరిచాను. ఇంకా నవ్వారు.”

మైకు ఆమెకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“అప్పుడు గుమ్మం దగ్గర ఒకావిడ గొంతు వినిపించింది. ‘అమ్మా, లోపలికి రావచ్చా?’ అంది. అంతమందిలో అడిగింది ఆవిడొక్కతే. రా తల్లీ, నీకు పుణ్యముంటుంది, వీళ్ళని వెళ్ళగొట్టు అన్నాను. వచ్చింది. అంతే, అందరూ పోయారు.”

“ఆవిడ... వెళ్ళిపోయిందా?”

భార్య లోపలి గదివైపు చూసింది.

“వెళ్ళొస్తానని చెప్పలేదు” అంది.

మైకు ఆ గది గుమ్మం దాకా వెళ్ళాడు. పాప గోడవైపు తిరిగి ప్రశాంతంగా నిద్రపోతోంది. ఊపిరి ఆడుతోంది, దేవుడి దయ. పరుపు రెండో పక్క తడిగా ఉంది. ఒక పెద్ద మనిషి ఒత్తిగిలి పడుకున్నంత పల్లం. ఆ పల్లానికీ పాపకీ నడుమ ఇంకొక పల్లం, చాలా చిన్నది. వాడు చూస్తుండగానే పాప నిద్రలో కాస్త గోడవైపు జరిగింది... ఎవరికో చోటు చాలనట్టు.

ఇంతే కథ. నన్నేమీ అడగకండి, నాకు తెలిసింది ఇంతే. మైకు ఆ పని మానేశాడు. ఇప్పుడు తన ఇంటికి తను వచ్చినా సరే, చెప్పులు విడిచి గుమ్మం బయట నిలబడి, “లోపలికి రావచ్చా?” అని అడుగుతాడు. జవాబు వచ్చేదాకా కదలడు. చాలాసార్లు భార్యే “రండి” అంటుంది.

ఈ ఒక్క పనీ గుర్తుపెట్టుకోండి నాయనలారా, తల్లులారా. కూలిన ఇల్లైనా, నిలబడ్డ ఇల్లైనా, కాలు పెట్టేముందు ఒక్కసారి అడగండి. ఇవాళ ఇంటికి వెళ్ళగానే మొదలుపెట్టండి, రేపూ అడగండి, పిల్లలకీ నేర్పండి. లోపల్నుంచి “రా” అని వినిపించాక, ఆ గొంతు ఎవరిదో పోల్చుకుని, అప్పుడు గడప దాటండి.