మధ్యలో దూరిన హుక్

గోరంట్ల రోడ్డు మీద కదిరప్పను లారీ గుద్ది చంపేసింది. అది యాక్సిడెంట్ కాదని ఏజెంట్ వీరేష్‌కు తెలుసు. కదిరప్పను ఇన్ఫార్మర్‌గా చేర్చింది అతనే.

ఆ ఉదయమే కదిరప్ప తాను దాక్కున్న చోటును డిపార్ట్‌మెంట్‌కు తెలిపాడు. రాప్తాడులో డ్రిప్ పైపుల కంపెనీ ముసుగులో డిపార్ట్‌మెంట్ నడిపే వెబ్‌సైట్ ఉంది. ఇన్ఫార్మర్లు అందులో ఎంక్వైరీ ఫారం నింపితే, ఆ కబురు హైదరాబాద్‌కు మెయిల్‌గా వెళ్తుంది.

"లీక్ ఆ ఆఫీసులోనే," ఫోన్‌లో చీఫ్ గొంతు పొడిగా ఉంది. "ఇవాళ మన ఇంకో ఇన్ఫార్మర్ గౌస్ పీర్ తానున్న చోటు ఫారంలో సబ్మిట్ చేస్తాడు. విదేశీ ముఠా పేలుడు సామాను లారీ అతని దగ్గరుంది."

"సైట్ ఆపేద్దామా సార్?"

"ఆపితే ప్రమాదమనుకుని లారీ వదిలేసి పారిపోతాడు. అతని ఫోన్ ఆఫ్. నువ్వే చూడాలి."

వీరేష్ యూపీఎస్ మెకానిక్ వేషంలో రాప్తాడు చేరాడు. నడివేసవి. నడుము నొప్పి. ఇరవై ఏళ్ల సర్వీసులో ఎన్ని వేషాలేశాడో అతనికే గుర్తులేదు.

ఆఫీసులో ఉన్నది ఏజెంట్ జయంతి ఒక్కతే. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. వెబ్‌సైట్ తయారుచేసింది ఆమే. వీరేష్‌ను ఎప్పుడూ చూడలేదు.

"యూపీఎస్ చూసేకి వచ్చినా మేడం."

"లోపలుండాది, చూడప్పా," అంటూ ఫోన్ మోగితే బయటికి వెళ్లింది.

వీరేష్ సర్వర్ ముందు కూర్చున్నాడు. ఫారం సబ్మిట్ కాగానే దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రాం ముక్కను హుక్ అంటారు. లిస్టులో ఉన్నది హైదరాబాద్‌కు మెయిల్ పంపే హుక్ ఒక్కటే. అంతా క్లీన్.

ఉత్తుత్తి ఎంక్వైరీ ఒకటి పంపి మెయిల్ లాగ్ తెరిచాడు. రెండు మెయిళ్లు వెళ్లాయి!

సైట్‌కు అదనంగా తగిలించిన ప్లగిన్లు ఒక్కొక్కటిగా ఆపి, మళ్లీ మళ్లీ టెస్ట్ చేశాడు. అయినా రెండే. చివరికి సైట్ రంగూ రూపూ చూసుకునే థీమ్ ఫైల్ తెరిచి అడుగుదాకా దిగాడు. ఖాళీ లైన్ల కింద నాలుగు లైన్ల హుక్. విదేశీ అడ్రస్‌కు కాపీ!

తీసేస్తే ముఠా పసిగడుతుంది. వీరేష్ మరో ఫైల్‌లో తన హుక్ రాశాడు. హైదరాబాద్ మెయిల్ వెళ్లాక, జయంతి దొంగ హుక్ నడిచే ముందు, కబురులోని ఊరు మారిపోవాలి: గోరంట్ల అవతల మూతబడిన చెనక్కాయల నూనె మిల్లు. జేబులోని సెల్‌తో చీఫ్‌కు ఆ మిల్లు పేరు ఎస్సెమ్మెస్ కొట్టాడు. సేవ్ నొక్కి ఆ ఫైల్ మూసేశాడు; తెర మీద మళ్లీ థీమ్ ఫైల్.

"మెకానిక్‌కు థీమ్ ఫైల్‌తో ఏం పని అన్నా?"

జయంతి. చేతిలో పిస్టల్.

అదే క్షణంలో సర్వర్ బీప్‌మంది. గౌస్ పీర్ సబ్మిట్ చేసేశాడు.

ఆమె స్క్రీన్ వైపు చూసింది. తన నాలుగు లైన్లూ అలాగే ఉన్నాయి. నవ్వింది. "ఆలస్యమైపోయినావు. మావాళ్లు వచ్చేదాకా కదలొద్దు."

వీరేష్ గోడకు ఆనుకున్నాడు. నిజానికి కూర్చోవడం హాయిగానే ఉంది. "కదిరప్పకు ఇద్దరు ఆడబిడ్డలు," అన్నాడు.

"చంపుతారని వాళ్లు నాకు చెప్పలే."

"అడిగినావా?"

ఆమె చేతిలో పిస్టల్ కొంచెం వాలింది.

గంట దాటాక ఆమె ఫోన్ మోగింది. అవతల అరుపులు వీరేష్‌కూ వినిపించాయి. మిల్లు చుట్టూ పోలీసులట. జయంతి ముఖం పాలిపోయింది. వీరేష్ లేచి, ఆమె వేళ్ల మధ్య నుంచి పిస్టల్ మెల్లగా తీసుకున్నాడు. ఆమె అడ్డుకోలేదు.

"నా హుక్ అట్లే ఉండాది కదా?" అంది నమ్మలేనట్టు.

"ఉండాది. దానికి ముందు నాదొకటి దూరింది."

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! గౌస్ పీర్ సేఫ్, లారీ మన చేతిలో ఉంది. ఏం కావాలో కోరుకో."

"వారం లీవు సార్. ముందు కదిరప్ప ఇంటికి పోవాల."

"తప్పకుండా! లీవులకి కొత్త వెబ్‌సైట్ పెట్టాం. ఫారం నింపి సబ్మిట్ కొట్టెయ్."

వీరేష్ జేబులోంచి పెన్ను తీశాడు.

"కాయితం మీద రాసిస్తా సార్."