ఎముకల్లో తక్కువ, రక్తంలో ఎక్కువ

పొద్దున్నే దియెప్ వంటింట్లోకి వచ్చింది. అమ్మ బల్ల మీద మూడు గిన్నెలు పెట్టి, మూడోదానిలో అన్నం వడ్డిస్తోంది.

"ఇది ఎవరికమ్మా?"

"ఎవరికేమిటే! మీ నాన్నకి. రేవు నుంచి ఆకలితో వస్తాడు."

నాన్న పోయి తొమ్మిదేళ్ళు. తద్దినం నాడు ఆయనకి గిన్నె పెట్టడం ఉన్నదే. కానీ ఆ తద్దినానికి ఇంకా రెండు నెలలుంది.

అంతలో అన్న ఖాంగ్ పాలపొడి డబ్బాతో వచ్చాడు. అమ్మకి నడుము నొప్పి మొదలైన దగ్గర్నుంచీ, కాన్ థో ఊళ్ళో చుట్టాలెవరు చూడవచ్చినా ఎముకల బలానికని అదే తెస్తారు. దియెప్ రోజూ మూడు గ్లాసులు కలిపి ఇచ్చేది, పైగా కాల్షియం మాత్రలు.

"అది పట్టుకుపో అన్నయ్యా. డాక్టరు ఆపమన్నారు. రక్తంలో కాల్షియం బాగా ఎక్కువుందట."

"ఎముకలు గుల్లయ్యాయన్నదీ ఆయనే, ఎక్కువైందన్నదీ ఆయనేనా?"

"నాకూ అర్థంకాక మూడుసార్లు అడిగాను. మెడలో బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయట. ఒకటి పెరిగిపోయి, ఎముకల్లోది లాగి రక్తంలో కలుపుతోందట. ఈ మతిమరుపూ, దాహమూ దానివల్లే కావచ్చట. ఆపరేషన్ చేసి తీసెయ్యాలట."

"డెబ్బై మూడేళ్ళ మనిషి మెడ కోయిస్తావా? ఇది ముసలితనమే! మనం చూసుకుందాం."

"మనమా? నెలకోసారి డబ్బాతో వచ్చే నువ్వా?"

ఖాంగ్ ముఖం మాడిపోయింది. దియెప్‌కీ లోపల భయమే. కత్తి కింద అమ్మ పోతే? అసలీ జబ్బుని నా చేతులతోనే పెంచానా? మూలం గ్రంథేనని, మాత్రలు దానికి తోడయ్యాయని డాక్టరు చెప్పినా మనసు ఒప్పుకోలేదు.

ఆ మధ్యాహ్నమే అమ్మ వాంతులతో సోలిపోయింది. ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలైన్ ఎక్కించి కాల్షియం తగ్గించారు. అయిదో పొద్దున మంచం పక్కన అన్నాచెల్లెళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు.

"మెడ నాది. నన్నడగరేం?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అమ్మ కళ్ళు తేటగా ఉన్నాయి.

"మొన్న నువ్వు నీళ్ళు తాగిస్తుంటే, ఈవిడెవరో మంచిమనిషి అనుకున్నానే దియెప్. నువ్వని తెలియలేదు. నాకు భయం అదీ, కత్తి కాదు. మీరు నాకు గుర్తుండగానే కోయించండి."

దియెప్ అమ్మ పాదాలు పట్టుకుని భోరుమంది. ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టబోయి ఆగింది. ఖాంగ్ ఆమె చేతిలోంచి కలం మెల్లగా అందుకుని, ముందు తన పేరు రాశాడు.

"ఇద్దరం పెడదాం చెల్లీ," అన్నాడు.