కుడి కప్పులో పదకొండు

"గుడ్డతో పట్టుకోండి, కాలుతుంది" అంటూ అమ్మ స్టీలు గ్లాసు అందించింది. సైకిల్ మేస్త్రి వట్టి చేత్తోనే అందుకుని, పొగలు కక్కే టీ తాపీగా తాగి దుకాణానికి బయల్దేరాడు. పక్కనే బూట్ల తాళ్లు కట్టుకుంటున్న కూతురు బుల్లి అది చూసింది గానీ పట్టించుకోలేదు. ఆమె ధ్యాసంతా వరండాలోని సైకిల్ మీదే ఉంది.

పదింటికి సైకిల్ జట్టు ఎంపిక రేసు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరి అవకాశం. తొక్కితే చాలు, పెడళ్ల మధ్య ఇరుసు దగ్గర పళ్లు కొరుకుతున్నట్టు చప్పుడు. వారంగా మొత్తుకుంటున్నా తండ్రిది ఒకటే మాట. "నేను బిగించిన ఇరుసుకి ఏమీ కాదు. చైనుకి నూనె వెయ్యి."

ఆయన వీధి మలుపు తిరగ్గానే బుల్లి పళ్లెం పెట్టుకుని పానా పట్టింది. ఇరుసు కొసను పట్టి ఉంచే ఎడమ కప్పు తేలిగ్గానే ఊడింది. దాని వెనక గ్రీజులో పదకొండు ఉక్కు బాల్స్. ఇరుసు లాగితే కుడివైపువి పళ్లెంలో రాలాయి. లెక్కపెట్టింది. ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టింది. ఎనిమిదే. కుడి కప్పు లోపలంతా గుంటలు పడి ఉంది.

దాన్నీ మార్చాల్సిందే. పానా బిగించి బలమంతా పెట్టి తిప్పింది. కదల్లేదు.

"అటు తిప్పితే ఇంకా బిగుస్తుంది."

గుమ్మంలో తండ్రి. కళ్లజోడు మరిచిపోయి వెనక్కి వచ్చాడు.

"కుడి కప్పుకి మర ఎదురు. ఆ మాత్రం తెలియకుండా బండి విప్పావా? నన్నడగాలనిపించలేదా?"

"వారం నుంచి అడుగుతూనే ఉన్నా నాన్నా."

ఆయన చూపు పళ్లెం పక్కన బుల్లి తెచ్చిపెట్టుకున్న కొత్త కప్పుల పొట్లం మీద పడింది. "పక్క వీధిలో కొన్నావా? మేస్త్రి కూతురు వేరే దుకాణం మెట్లెక్కింది. బాగుంది."

"కుడి కప్పులో ఎనిమిదే బాల్స్ ఉన్నాయి."

"మూడు జారవిడిచుంటావు."

"పళ్లెంలోకే దించాను."

"ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని, వేలితో తడుముతూ పదకొండు పేరుస్తున్నా. నాకు లెక్క నేర్పుతావా? పోయిన నెల పడ్డప్పుడే అనుకున్నా, నీకు బండి మీద శ్రద్ధ లేదని."

బుల్లి గడ్డం మీది కుట్ల మచ్చ చురుక్కుమంది. ఆ రోజు పెడల్ మధ్యలో పట్టేసిందని ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. రెండు వారాలు బండికి తాళం వేశాడు.

కోపంగా ఆయన చేతివైపు చూసిన బుల్లికి పొద్దుటి గ్లాసు గుర్తొచ్చింది. 

కొత్త కప్పులో గ్రీజు రాసి కొన్ని బాల్స్ పేర్చింది. "కళ్లు మూసుకో నాన్నా. ఎన్నున్నాయో చెప్పు."

"పరీక్షా?" అని విసుక్కుంటూనే ఆయన కళ్లు మూసి, కప్పంతా వేలు తిప్పాడు. "పదకొండు."

"చూడు."

ఆరున్నాయి.

వంటగది గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎప్పట్నుంచండీ?"

"ఏడాదైంది." ఆయన పీట మీద కూలబడ్డాడు. "షుగర్ వల్ల వేళ్లకి స్పర్శ పోయిందన్నాడు డాక్టరు. చెబితే దుకాణం మాన్పిస్తారని..." చూపు కూతురి గడ్డం మీద ఆగింది. "టైమెంత?" అన్నాడు.

"ఎనిమిదిన్నర."

"ఎదురు తిప్పు. పానాని కాలితో నొక్కు."

ఈసారి కప్పు కదిలి ఊడొచ్చింది. కొత్త కప్పులో ఒక్కో బాల్ పెడుతూ బుల్లి పైకి లెక్కపెట్టింది. పదకొండు దగ్గర, "ఇంకోసారి" అన్నాడాయన. మళ్లీ లెక్కపెట్టింది. ఇరుసు తిప్పుతుంటే ఆయన ఫ్రేముకి చెవి ఆనించాడు. "ఇంకాస్త బిగించు. ఇంకొంచెం. చాలు."

తొమ్మిదింటికి బుల్లి బండి ఎక్కేసరికి, అమ్మ దుకాణం పుస్తకంలో నంబర్లు చదువుతోంది. తండ్రి ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"నేను సైకిల్ మేస్త్రిని, తమ్ముడూ. నిన్న నీకిచ్చిన బండి ఇవాళ ఎక్కకు. నేనే వచ్చి తీసుకెళ్తా. మా అమ్మాయి మళ్లీ బిగిస్తుంది. లేదు, బండిది కాదు. తప్పు నాదే."

పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట బుల్లి వినలేదు. కళ్లు తుడుచుకుని తొక్కింది. పెడళ్ల కింద ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. వీధి మలుపు దాకా తండ్రి గొంతు స్పష్టంగా వినిపిస్తూనే ఉంది, ఫోనులో ఇంకొకరికీ అదే మాట చెబుతూ.